డేవిడ్ వీలర్ పనిని పిల్లల చేత చేయించి చూపించాలంటే ఎలా?

మారతహళ్ళి_మాస్టారు:

అందరికీ నమస్కారం. బెంగళూరులో, మారతహళ్ళి దగ్గర ఒక అపార్ట్‌మెంటు హాల్లో ఆదివారం తెలుగు తరగతి నడుస్తుంది. పిల్లలు 15 మంది, అందరూ 9, 10 తరగతులవాళ్ళు. నెలకోసారి ఒక శాస్త్రవేత్త గురించి రెండు గంటల కార్యక్రమం. ఈసారి కంప్యూటర్ల తొలినాళ్ళ మనిషి కావాలి. ట్యూరింగ్, ఏడా లవ్‌లేస్ గురించి వాళ్ళకు బళ్ళోనే చెప్పేశారు, అందుకని 1949 నాటి కేంబ్రిడ్జి కంప్యూటర్ ఎడ్సాక్ మీద పనిచేసిన డేవిడ్ వీలర్‌ను ఎంచుకున్నాం.

పుట్టిన ఊరు, చదివిన కాలేజీ, వచ్చిన బిరుదులు అంటూ స్లైడ్లు వేస్తే పది నిమిషాల్లో ఫోన్లు బయటికొస్తాయి. చేతులతో చేసే పని కావాలి. ల్యాప్‌టాప్‌లు నాలుగే ఉన్నాయి.

సబ్‌రొటీన్ అంటే ఒకచోట రాసిపెట్టి, కావలసినప్పుడల్లా పిలుచుకునే ప్రోగ్రాము ముక్క కదా, "సబ్‌రొటీన్‌ను కనిపెట్టిన మనిషి" అని పోస్టర్ మీద రాయొచ్చా? ఎడ్సాక్ మీద ఆయన కట్టిన "వీలర్ గెంతు"ను (సబ్‌రొటీన్‌కు వెళ్ళి, పిలిచిన చోటికే తిరిగొచ్చే కిటుకును) కాగితం మీద ఆడించడం కుదురుతుందా? బరోస్–వీలర్ మార్పిడికి (ఫైళ్ళను కుదించడానికి వీలుగా అక్షరాల వరుస మార్చే పద్ధతికి) ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా "బనానా" ఉదాహరణే ఉంది, తెలుగు మాటతో ఏదైనా ఉంటే చెప్పండి. ఇంకో చిక్కేమిటంటే, పిల్లల్లో సగం మందికి తెలుగు కన్నా కన్నడ చదవడమే బాగా వచ్చు.

పాత_టేపు:

పోస్టర్ సంగతి ముందు. "కనిపెట్టాడు" అని రాయకండి మాస్టారూ. ఒకే లెక్కను పదిసార్లు రాసే బదులు ఒకచోట రాసి పిలుచుకోవాలన్న ఆలోచన అంతకుముందే ఉంది. ట్యూరింగ్ తన ఏస్ యంత్రం కోసం తిరిగొచ్చే చోటును "పాతిపెట్టడం", "తవ్వితీయడం" అనే పద్ధతి రాసుకున్నాడు. అమెరికాలో గోల్డ్‌స్టైన్, ఫాన్ నాయ్‌మన్‌లు కంప్యూటర్ల మీద రాసిన నివేదికల్లోనూ ఆ ఊహ ఉంది. అయితే అవి కాగితం మీదివి. వీలర్ చేసింది వేరు: నిజంగా నడుస్తున్న యంత్రం మీద, రోజూ ఎవరెవరో వచ్చి వాడుకునే సబ్‌రొటీన్ల లైబ్రరీని నిలబెట్టడం. పోస్టర్ మీద "నడిచే యంత్రం మీద తొలి సబ్‌రొటీన్ లైబ్రరీకి ప్రాణం పోసినవాడు" అనండి, ఎవరూ వేలెత్తి చూపలేరు. ఆ పనిలో తోడున్న మారిస్ విల్క్స్, స్టాన్లీ గిల్ పేర్లు పక్కనే ఉండాలి. ముగ్గురూ కలిసి 1951లో తెచ్చిన పుస్తకమే ప్రోగ్రామింగ్ మీద వచ్చిన తొలి పుస్తకమని చెబుతారు.

జీవితం ఐదు నిమిషాలు చాలు. 1927 ఫిబ్రవరి 9న బర్మింగ్‌హామ్‌లో పుట్టాడు. కేంబ్రిడ్జి ట్రినిటీ కాలేజీలో గణితం చదివి 1948లో పట్టా పుచ్చుకున్నాడు. ఎడ్సాక్ తొలి ప్రోగ్రామును నడిపింది 1949 మే 6న. 0 నుంచి 99 దాకా వర్గాల పట్టికను అచ్చేసింది. అప్పటికి వీలర్‌కు 22 ఏళ్ళు, ఇంకా పరిశోధక విద్యార్థే. 1951లో వచ్చిన ఆయన పీహెచ్‌డీనే కంప్యూటర్ సైన్స్‌లో మొదటిదని చాలామంది లెక్క. రెండేళ్ళు అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఉండి మళ్ళీ కేంబ్రిడ్జికే వచ్చేశాడు. సీ ప్లస్ ప్లస్ భాష రాసిన బ్యార్నె స్ట్రౌస్ట్రప్ ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసినవాడే, ఈ మాట దగ్గర పిల్లలు తలెత్తుతారు. 1994లో ఉద్యోగ విరమణ. మీరడిగిన బరోస్–వీలర్ మార్పిడి, టీ అనే చిన్న సంకేతలిపి రెండూ లోకానికి తెలిసిందీ ఆ ఏడాదే. 2004 డిసెంబర్ 13న పోయాడు.

యంత్రం గురించి రెండు ముక్కలు చెప్పకపోతే తరవాతి ఆట అర్థం కాదు. సుమారు 3,000 వాల్వులు (పాత రేడియోల్లో ఉండే గాజు గొట్టాల లాంటివి). మెమరీ పాదరసం గొట్టాల్లో ఉండేది. సుమారు ఐదడుగుల గొట్టం ఒక చివర శబ్దపు తరంగంగా బిట్లను (0, 1 గుర్తులను) కొడితే అవి రెండో చివరకు చేరడానికి మిల్లీసెకను పైచిలుకు పట్టేది. అక్కడ అందుకుని మళ్ళీ మొదటికి పంపేవాళ్ళు. అలా తిరుగుతూనే ఉన్నంతసేపే గుర్తు. మొదట్లో మొత్తం 512 గడులు, గడికి 18 బిట్లు. అందులో ఒకటి యంత్రం సర్దుకోవడానికే పోయేది, వాడుకోవడానికి మిగిలేవి 17. భాగహారం చేసే సర్క్యూటే లేదు, దానికీ సబ్‌రొటీనే దిక్కు. 1951 నాటికి లైబ్రరీలో 87 సబ్‌రొటీన్లు చేరాయి, కాగితపు టేపుల మీద చిల్లులుగా.

సున్నా_ఒకటి:

గెంతును కాగితం మీద ఆడించొచ్చు, నిజానికి స్క్రీన్ మీద కన్నా అదే బాగా తెలుస్తుంది. 15 మంది అన్నారు కదా, ఆట సరిగ్గా అంతమందికే సరిపోయింది: 13 మంది మెమరీ గడులు, ఒకరు అక్యుములేటర్ (లెక్క జరిగే చోటు), ఒకరు కంట్రోల్ (ఇప్పుడు ఏ గడిని చదవాలో చూసేవాడు).

కావలసినవి: అరచేతికి రెండింతలుండే అట్టలు 13 (అవెన్యూ రోడ్డులో ఏ స్టేషనరీ కొట్టులోనైనా దొరికే చార్టు ముక్కలు చాలు), అక్యుములేటర్‌కు ఒక పలక, చాక్‌పీసు, ఇంట్లో పూజగంట ఒకటి. గంట ఎందుకో చివర్లో తెలుస్తుంది.

ముందు అక్షరాల విలువలు బోర్డు మీద రాసిపెట్టండి. ఎడ్సాక్‌లో ప్రతి ఆర్డరుకూ (యంత్రానికిచ్చే ఆదేశానికి) ఒక ఇంగ్లిష్ అక్షరం, ప్రతి అక్షరానికీ 5 బిట్ల విలువ. మనకు కావలసినవి: పీ = 0, ఈ = 3, టీ = 5, యూ = 7, జెడ్ = 13, జీ = 27, ఏ = 28.

వాటి పని:
ఏ – ఆ గడిలో ఉన్నదాన్ని అక్యుములేటర్‌కు కలుపు.
టీ – అక్యుములేటర్‌లో ఉన్నదాన్ని ఆ గడిలో రాసి, అక్యుములేటర్‌ను తుడిచేయి.
యూ – రాయి, కానీ తుడవకు.
జీ – అక్యుములేటర్ సున్నాకన్నా తక్కువైతే ఆ గడికి గెంతు.
ఈ – సున్నా గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితే గెంతు.
జెడ్ – ఆగు, గంట కొట్టు.
పీ – విలువ సున్నా కాబట్టి మామూలు అంకెను రాసుకోవడానికి. "పీ 7 ఎఫ్" అంటే మనకు 7.
చివరి ఎఫ్ అంటే పొట్టి మాట, 17 బిట్లది.

ఇప్పుడు అట్టలు:

గడి 3: యూ 2 ఎఫ్
గడి 50: పీ 7 ఎఫ్

గడి 100: ఏ 100 ఎఫ్
గడి 101: జీ 200 ఎఫ్
గడి 102: ఏ 102 ఎఫ్
గడి 103: జీ 200 ఎఫ్
గడి 104: జెడ్ ఎఫ్

గడి 200: ఏ 3 ఎఫ్
గడి 201: టీ 205 ఎఫ్
గడి 202: ఏ 50 ఎఫ్
గడి 203: ఏ 50 ఎఫ్
గడి 204: టీ 50 ఎఫ్
గడి 205: ఖాళీ, పెన్సిల్‌తో రాయడానికి

200 నుంచి 205 దాకా సబ్‌రొటీను. దాని పని గడి 50లోని అంకెను రెట్టింపు చేయడం, అంతే. అక్యుములేటర్ పలక తుడిచిపెట్టి కంట్రోల్ పిల్లాడు 100 దగ్గర నిలబడతాడు.

గడి 100లో ఉన్నది "100వ గడిని కలుపు". అంటే ఆ ఆర్డరు తనను తానే అక్యుములేటర్‌లోకి ఎత్తుకుంటుంది. ఇక్కడ ఒక నిమిషం ఆగండి, పిల్లలు తప్పకుండా "ఆర్డరును కలపడమేంటి?" అంటారు. మెమరీలో ఆర్డరూ అంకే, అంకే ఆర్డరూ, అది చూపించడానికే ఈ ఆట.

పలక మీద ఇప్పుడు "ఏ 100 ఎఫ్" ఉంది. ఏ విలువ 28, 0, 1 మాత్రమే వాడే పద్ధతిలో 11100. మొదటి బిట్టు 1, ఎడ్సాక్ లెక్కలో అది రుణసంఖ్య. గడి 101లోని జీ అది చూసి 200కి గెంతుతుంది. ప్రత్యేకంగా పరీక్షేమీ లేకుండా, ఏ అన్న అక్షరం విలువే గెంతును ఖాయం చేసింది.

200 దగ్గర గడి 3 కలుస్తుంది. అక్కడున్న "యూ 2 ఎఫ్" ఆర్డరుగా ఎప్పుడూ నడవదు, కూడికకు మాత్రమే. కూడండి:

11100 0 0001100100 0 (ఏ 100 ఎఫ్)
00111 0 0000000010 0 (యూ 2 ఎఫ్)
00011 0 0001100110 0 (ఈ 102 ఎఫ్)

28 + 7 = 35. ఐదు బిట్లలో 32 దాటింది రాలిపోతుంది, మిగిలింది 3. అది ఈ. చిరునామా 100 + 2 = 102. అంటే "ఎక్కడినుంచి వచ్చావు" అన్నదానికి 2 కలిపి "ఎక్కడికి పోవాలి" అన్న ఆర్డరు ఒక్క కూడికతో తయారైంది. గడి 201లోని టీ దాన్ని 205లో నాటి పలక తుడిచేస్తుంది. 202, 203, 204 నడిచి గడి 50లో 14 వస్తుంది, పలక మళ్ళీ ఖాళీ. 205 దగ్గర "ఈ 102 ఎఫ్" చదివి కంట్రోల్ 102కి పోతాడు. రెండోసారి పిలిచినప్పుడు 205లో పాతది చెరిపి "ఈ 104 ఎఫ్" రాయాలి, గడి 50లో 28 రావాలి. 104 దగ్గర గంట మోగుతుంది. నిజమైన ఎడ్సాక్ కూడా జెడ్ దగ్గర ఆగి గంట కొట్టేది.

205 అట్టను పిల్లలే చెరిపి రాసేలా చూడండి. తిరిగొచ్చే దారి పిలిచినవాణ్ణి బట్టి మారుతోందన్నది ఆ రబ్బరుతోనే బుర్రకెక్కుతుంది.

హలసూరు_సుబ్బు:

సున్నా_ఒకటి గారు చెప్పింది నికార్సుగా ఉంది. అయితే సరిగ్గా నడిచిన ఆట ఒకసారి చూసి పిల్లలు "సరే" అనేస్తారు. చెడగొట్టి చూపించండి, అప్పుడు రక్తి కడుతుంది. మూడు రకాలుగా చెడగొట్టొచ్చు.

మొదటిది, పలక తుడవకుండా మొదలుపెట్టడం. మునుపటి లెక్క తాలూకు 5 మిగిలిపోయిందనుకోండి. "ఏ" అంటే కలపడమే గానీ కొత్తగా ఎత్తుకోవడం కాదు కాబట్టి పలక మీద "ఏ 105 ఎఫ్" వస్తుంది. రుణసంఖ్యే కాబట్టి గెంతు మాత్రం బాగానే పడుతుంది. తప్పు అప్పటికి బయటపడదు! సబ్‌రొటీను పని కూడా సరిగ్గానే చేస్తుంది. తిరిగి వెళ్ళేటప్పుడు మాత్రం "ఈ 107 ఎఫ్". అక్కడ కుర్చీలో ఎవరూ లేరు. తప్పు జరిగిన చోటు ఒకటి, కనబడే చోటు ఇంకొకటి. ఇది ఈనాటికీ మారలేదు.

రెండోది, గడి 204లో టీ బదులు యూ రాయడం. 50లో 14 సరిగ్గానే పడుతుంది, కానీ పలక మీద 14 అలాగే ఉండిపోతుంది. 102 దగ్గర అది కలిసి "ఏ 116 ఎఫ్" అవుతుంది, తిరుగుదారి "ఈ 118 ఎఫ్". అదే గడి 50లో మొదట రుణసంఖ్య పెట్టి చూడండి: ఈసారి మొదటి పిలుపులోనే 205 దగ్గరి "ఈ" గెంతదు, ఎందుకంటే పలక సున్నాకన్నా తక్కువ. కంట్రోల్ 206లోకి జారిపోతాడు. ఒకే అక్షరం తప్పు, ఇచ్చిన అంకెను బట్టి రెండు వేర్వేరు రోగాలు.

మూడోది, సబ్‌రొటీను తనను తానే పిలుచుకోవడం. 202 ముందు ఒక పిలుపు చొప్పించండి. రెండో పిలుపు 205లో కొత్త దారి రాయగానే మొదటి దారి చెరిగిపోతుంది. బయటివాడి దగ్గరికి తిరిగిపోయే దారి ఇక ఎక్కడా ఉండదు, లోపలే గిర్రున తిరుగుతుంది. ఒక సబ్‌రొటీను వేరొక సబ్‌రొటీన్‌ను పిలిస్తే ఇబ్బంది లేదు, ఎవరి చివరి గడి వాళ్ళకుంది. తనను తాను పిలుచుకోవాలంటేనే దారులను ఒకదాని మీద ఒకటి పేర్చే స్టాక్ కావాలి. స్టాక్ అంటే ఏమిటో చెప్పే ముందు అది లేకపోతే ఏమవుతుందో చూపించడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

చిక్కుముడి:

బరోస్–వీలర్ మార్పిడికి "గలగలగల" తీసుకోండి. గజ్జెల చప్పుడు, చివర పెట్టే #తో కలిపి మూడే మూడు గుర్తులు, పైగా ఫలితం చూడగానే పిల్లలు నవ్వుతారు. గ, ల రెండూ తలకట్టు అక్షరాలే కాబట్టి గుణింతాల గొడవ లేదు. "కాకీక కాకికి" లాంటివాటి జోలికి పోకండి. కి అన్నది మనకు ఒక అక్షరం, కంప్యూటర్‌కు క ఒకటి, గుడి ఒకటి. పిల్లలు అట్టలు ఎలా కత్తిరించాలో తేలక అక్కడే ఆగిపోతారు. కన్నడ పిల్లలకూ ఇది పనికొస్తుంది, ఆ వర్ణమాలలోనూ గ ముందు, ల తరవాత.

చివర # గుర్తు పెట్టండి, అన్నిటికన్నా చిన్నది అదే అనుకుందాం. మాటను ఒక్కో అక్షరం చొప్పున తిప్పి ఏడు వరుసలు రాసి, నిఘంటువు క్రమంలో పేర్చండి:

1. #గలగలగల
2. గల#గలగల
3. గలగల#గల
4. గలగలగల#
5. ల#గలగలగ
6. లగల#గలగ
7. లగలగల#గ

ఒక్కో వరుసలో చివరి అక్షరం మాత్రమే పైనుంచి కిందికి చదవండి: లలల#గగగ. ఒకే రకం అక్షరాలు గుంపు కట్టాయి. ఏ అక్షరమూ పోలేదు, ఏదీ కొత్తగా రాలేదు.

వెనక్కి తేవడమే అసలు గారడీ. పిల్లలకు "లలల#గగగ" మాత్రమే ఇవ్వండి. దాన్ని పేరిస్తే మొదటి నిలువు వరుస వచ్చేస్తుంది: # గ గ గ ల ల ల. ఇప్పుడు ఒకే సూత్రం: చివరి వరుసలో కనిపించే మొదటి ల, మొదటి వరుసలో కనిపించే మొదటి ల ఒకటే. రెండోది రెండోదే, మూడోది మూడోదే. 1వ వరుస నుంచి బయల్దేరండి. చివర మొదటి ల, అది 5వ వరుసకు తీసుకుపోతుంది. అక్కడ చివర మొదటి గ, అది 2కి. అక్కడ రెండో ల, 6కి. రెండో గ, 3కి. మూడో ల, 7కి. మూడో గ, 4కి. 4లో #, అయిపోయింది. దొరికినవి ల గ ల గ ల గ. వెనకనుంచి చదివితే గలగలగల.

# లేకుండా చేస్తే? "గలగలగల", "లగలగలగ" రెండింటికీ "లలలగగగ" అన్న ఒకే జవాబు వస్తుంది. ఏది అసలు మాటో చెప్పలేం. బరోస్, వీలర్ల 1994 నివేదికలో గుర్తుకు బదులు అసలు మాట ఎన్నో వరుసలో ఉందో ఆ అంకెను వెంట పంపుతారు. మీరు ఏదో ఒకటి చేయాలి, రెండూ మరిచిపోతే ఆట చెడుతుంది.

ఒక చిన్న సంగతి: ఆ నివేదిక 1994దే గానీ, వీలర్ ఈ కిటుకును 1983లో ఏటీ అండ్ టీ బెల్ ల్యాబ్స్‌లో ఉన్నప్పుడే పట్టాడు. పదకొండేళ్ళు అచ్చెయ్యలేదు. ఇవాళ జన్యుక్రమాల్లో ముక్కలు వెతికే బీడబ్ల్యూఏ, బౌటై లాంటి సాఫ్ట్‌వేర్లు దీని మీదే నడుస్తున్నాయి.

పాత_టేపు:

చిక్కుముడి గారూ, ఉదాహరణ ముచ్చటగా ఉంది. కానీ పదో తరగతి పిల్లల్లో ఒకడు "గలగలగల అంటే మూడుసార్లు గల అని రాస్తే అయిపోయేదిగా, ఇంత తిప్పడం దేనికి?" అంటాడు. వాడన్నది నిజం కూడా.

చిక్కుముడి:

అంటే మెచ్చుకోండి. జవాబు: పెద్ద పాఠంలో ముక్కలు పక్కపక్కన ఉండవు, పేజీలకు పేజీల దూరంలో ఉంటాయి. ఈ పేర్చడం వాటిని ఒక చోటికి తెస్తుంది. దీని తరవాతి మెట్టు "ముందుకు తెచ్చే" పద్ధతి. #, గ, ల అని మూడు అట్టలు వరుసగా పెట్టి, ఏ అక్షరం వచ్చినా దాని స్థానం (0 నుంచి లెక్క) చెప్పి ఆ అట్టను ముందుకు జరపాలి. లలల#గగగ అయితే 2 0 0 1 2 0 0 వస్తుంది. మార్పిడి చేయని గలగలగల# అయితే 1 2 1 1 1 1 2. మొదటి దాంట్లో సున్నాలు నాలుగు, రెండో దాంట్లో ఒక్కటీ లేదు. సున్నాలు ఎక్కువైతే ఆ తరవాతి హఫ్‌మన్ కోడు వాటికి తక్కువ బిట్లు ఇస్తుంది. ఫైళ్ళను కుదించే బీజిప్2 అనే సాఫ్ట్‌వేరు చేసే పని ముఖ్యంగా ఇదే.

బైట్ల_బాబ్జీ:

ల్యాప్‌టాప్‌లు నాలుగున్నాయన్నారు కాబట్టి తెలుగు ఫైలు మీద బీజిప్2 నడిపి చూపించండి. కానీ "గలగలగల" అని ఫైల్లో రాసి కుదించబోకండి. అది 18 బైట్లు. బీజిప్2 ఖాళీ ఫైలుకే 14 బైట్లు పెడుతుంది, ఈ చిన్న ఫైలు తగ్గకపోగా పెరుగుతుంది, పిల్లల ముందు పరువు పోతుంది. కొన్ని లక్షల అక్షరాల తెలుగు పాఠం తీసుకోండి. బీజిప్2 ఒక్కో దఫా 9,00,000 బైట్లు తీసుకుని పేరుస్తుంది. తెలుగు గుర్తుకు 3 బైట్లు కాబట్టి దఫాకు సుమారు 3 లక్షల గుర్తులు.

లోపల జరిగేది సరదాగా ఉంటుంది. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో గ అంటే 224, 176, 151. ల అంటే 224, 176, 178. తెలుగు గుర్తులన్నిటికీ మొదటి బైటు 224, రెండోది 176 గానీ 177 గానీ. కాబట్టి పేర్చినప్పుడు 176తో మొదలయ్యే వరుసల చివర్లన్నీ 224లే పోగుపడాలి. దాదాపు అంతే, కానీ ర అక్షరం తంటా తెస్తుంది: అది 224, 176, 176. దాని మూడో బైటూ 176 కాబట్టి అక్కడ చివర 224 కాక 176 వస్తుంది. అయినా చెడదు. రెండో బైటైన 176 తరవాత ఎప్పుడూ 128–191 మధ్యదే వస్తుంది, ర మూడో బైటు తరవాత ఖాళీయో, తరవాతి అక్షరం తాలూకు 224యో వస్తుంది. పేర్చేసరికి రెండు రకాలూ వాటంతటవే విడిపోతాయి. తెలుగంటే ఏమిటో తెలియని ప్రోగ్రాము, తెలుగు కోసం రాసినట్టే నడుచుకుంటుంది.

కన్నడ పిల్లల కోసం: కన్నడ గ 224, 178, 151. తెలుగు గకూ దానికీ మధ్య బైటులో 2 తేడా, అంతే. రెండు లిపుల పట్టికలనూ యూనికోడ్‌లో ఒకే వరుసలో పక్కపక్కన పెట్టారు. బోర్డు మీద ఒకదాని కింద ఒకటి రాసి చూపిస్తే వాళ్ళ మొహాలు చూడాలి.

సున్నా_ఒకటి:

ఎస్పీ రోడ్డులో ఆర్డుయినో ఊనో (చిన్న కంప్యూటర్ బోర్డు) కొని వీలర్, ఆయన సహచరుడు నీడమ్‌ల టీ సంకేతలిపిని నడిపిద్దామని ఎవరైనా సలహా ఇస్తారేమో, రెండు గంటల్లో దాన్ని పెట్టుకోకండి. ఆసక్తి ఉన్న ఒకరిద్దరికి ఇంటిపనిగా ఇవ్వండి. కోడు పది వరుసలకు మించదు: 64 బిట్ల ముక్క, 128 బిట్ల తాళం (రహస్య సంఖ్య), 32 చుట్లు, చుట్టుకోసారి 2654435769 కలుపుతూ పోవడం. కానీ ఆ పది వరుసల్లోనే నాలుగు గోతులున్నాయి. ఊనోలో మామూలు ఇంట్ 16 బిట్లే, 32 బిట్ల అన్‌సైన్డ్ అని విడిగా రాయాలి. సైన్డ్ తీసుకుంటే కుడివైపు జరిపినప్పుడు గుర్తు బిట్టు వెంట వస్తుంది. సీ భాషలో జరపడం కన్నా కూడిక ముందు జరుగుతుంది, కాబట్టి "4 బిట్లు జరిపి తాళం కలుపు" అన్నచోట బ్రాకెట్లు వదిలేస్తే కోడు కంపైలవుతుంది గానీ జవాబు వేరే వస్తుంది. విప్పేటప్పుడు మొత్తాన్ని సున్నాతో కాదు, 3337565984తో మొదలుపెట్టి తగ్గించుకుంటూ రావాలి.

నిజమైన తాళాలకు దీన్ని వాడొద్దని కూడా చెప్పండి. తాళంలోని నాలుగు భాగాల్లో మొదటి రెండింటి పై బిట్లను ఒకేసారి తిప్పేస్తే ఫలితం మారదు, చివరి రెండింటికీ అంతే. అందువల్ల 128 బిట్ల తాళం అసలు బలం 126 బిట్లే. ఆ లోపం సరిదిద్దుతూ 1997లో వాళ్ళే ఎక్స్‌టీ తెచ్చారు.

మారతహళ్ళి_మాస్టారు:

అందరికీ వందనాలు. టీ సంకేతలిపిని పక్కన పెట్టేశాను. అట్టలు, గలగల, చివర్లో బీజిప్2, ఇదీ వరుస. అట్టల ఆటలో ఒక అనుమానం. సబ్‌రొటీను 200లోనే ఉండాలని ఏముంది? ఇంకొకరి ప్రోగ్రాములో 200 ఖాళీ లేకపోతే ఆరు అట్టలూ మళ్ళీ రాయాల్సిందేనా? లైబ్రరీ టేపు ఒకటే కదా.

సున్నా_ఒకటి:

మంచి ప్రశ్న. నన్నడిగితే గెంతు కన్నా వీలర్ గొప్పతనం ఇక్కడే ఎక్కువ కనిపిస్తుంది. అదే సబ్‌రొటీన్‌ను 300కి మార్చి ఏ అట్టలు మారతాయో పిల్లల్నే వెతకమనండి. 200లో "ఏ 3 ఎఫ్" అలాగే ఉంటుంది, గడి 3 ఎక్కడికీ పోదు. 202, 203, 204 మూడూ గడి 50ని అడుగుతున్నాయి, అవీ మారవు. మారేది 201 ఒక్కటే: "టీ 205" కాస్తా "టీ 305" కావాలి. పిలిచేవాడు తన "జీ 200"ను "జీ 300" చేసుకుంటాడు, అది వాడి పని.

టేపు మీద ఆ ఒక్క ఆర్డరును "టీ 5 థీటా" అని గుద్దేవాళ్ళు. ఎఫ్ బదులు థీటా ఉంటే, చదివేటప్పుడు సబ్‌రొటీను మొదలైన గడి సంఖ్యను దానికి కలపాలని అర్థం. ఆ సంఖ్య గడి 42లో ఉంటుంది, సబ్‌రొటీను టేపు మొదట్లో ఉండే "జీ కే" దాన్ని అక్కడ పెడుతుంది. 200లో ఎక్కిస్తే 205, 300లో ఎక్కిస్తే 305, టేపు మీద ఒక్క చిల్లు మార్చనక్కర్లేదు. ఇదంతా చేసే "ఇనిషియల్ ఆర్డర్స్" 1949 సెప్టెంబరులో వీలర్ రాసింది, మొత్తం 41 ఆర్డర్లు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో వాడే స్విచ్చులకు తీగలు కలిపి వాటిని శాశ్వతంగా అమర్చారు. మీటనొక్కగానే గడి 0 నుంచి మెమరీలోకి దిగేవి. మన ఆటలో గడి 3లోని "యూ 2 ఎఫ్" ఎక్కడినుంచి వచ్చిందనుకున్నారు? ఆ 41లో అదొకటి.

ఆటలో పెట్టడానికి: 201 అట్ట మీద ఎఫ్ చెరిపి ఒక ఎర్ర బిందీ అంటించండి, అదే థీటా. "టీ 5" తరవాత ఎర్రబొట్టు కనిపిస్తే కంట్రోల్ పిల్లాడు గడి 42 అట్ట (ఇది కొత్తగా రాసుకోవాలి) చూసి కలుపుకోవాలి. నిజానికి ఈ కూడిక ఎక్కించేటప్పుడు ఒక్కసారే జరుగుతుంది, నడిచేటప్పుడు కాదు. కాబట్టి ఆట మొదలుకాకముందే కలిపించేసి, అట్ట మీద అసలు అంకె రాయించండి.

హలసూరు_సుబ్బు:

దీన్నీ చెడగొట్టి చూపించొచ్చు. బొట్టు పెట్టడం మరిచిపోయి "టీ 5 ఎఫ్" అని వదిలేయండి. అప్పుడు తిరిగిపోయే ఆర్డరు 305లో కాక గడి 5లో పడుతుంది. 305 ఖాళీ. గడి 5లో ఉన్నది ఇనిషియల్ ఆర్డర్లలో ఒకటి, అది చెరిగిపోయింది. మీట మళ్ళీ నొక్కి వాటిని మొదటినుంచీ దించుకుంటే తప్ప తరవాతి టేపు చదవడానికి ఉండదు. 42కి, 5కి రెండు అట్టలు అదనంగా పెట్టుకోండి, పట్టుకోవడానికి పిల్లలు చాలరు, కుర్చీల మీద పెడితే సరిపోతుంది.